కదలని బండి, కదలని ఓబుళమ్మ

అనగా అనగా, ఎడ్లకు ఇంకా మాట పడిపోని కాలంలో, గరికపురం అని ఒక రాజ్యం. ఆ రాజ్యంలో ఎడ్లు నిజమే మాట్లాడేవి. మనుషులు ఇప్పుడెలా మాట్లాడుతున్నారో అప్పుడూ అలాగే మాట్లాడేవారు.

కోట బయట బుధవారం బుధవారం పెద్ద సంత జరిగేది. ఆ సంతకు ఒక కట్టు ఉండేది. కట్టు అంటే తాతల నాటి నుంచి వస్తున్న నియమం. పాత బండి కొనాలంటే ముందు బయానా ఇవ్వాలి. అమ్మినవాడు తనే ఆ బండి తోలుకుంటూ, కొన్నవారిని ఎక్కించుకుని, వాళ్ళ గడప ముందు దింపాలి. అక్కడ వాళ్ళిచ్చిన చల్ల తాగి, మిగతా సొమ్ము పుచ్చుకోవాలి. దీన్ని గడపదింపు అనేవారు.

గడపదింపు అయ్యేలోగా కొన్నవారు "నాకు వద్దు" అంటే బయానా పోయినట్టే. అమ్మినవాడు "నేనివ్వను" అంటే పుచ్చుకున్నదానికి రెట్టింపు ఇచ్చుకోవాలి. ఎవరు మాట తప్పితే వారికే నష్టం. చక్కని కట్టే. కానీ చక్కని కట్టు చేతికి దొరికితే దాన్నే ఉచ్చుగా అల్లుకునేవాళ్ళు ఉంటారు. అలాంటి ఒకడి కథ ఇది. కాదు కాదు, వాడికెందుకు కథ? వాడికి ఎదురు నిలిచిన ఓబుళమ్మ కథ.

ఓబుళమ్మది కుమ్మరిపల్లె. భర్త పోయాక సారె తిప్పడం ఆమే, ఆవంలో కుండలు కాల్చడం ఆమే, వాటిని మోయడం కూడా ఆమే. పల్లెకూ సంతకూ నడుమ కోతులమిట్ట అని నిటారు మిట్ట ఒకటి ఉంది. గంప నెత్తిన పెట్టుకుని దాన్ని ఎక్కితే మెడ విరిగేది, దిగితే కుండలు విరిగేవి. ఏళ్ళ తరబడి మోసి మోసి ఆమె మెడ ఎడమవైపు తిరగడం మానేసింది. ఎడమవైపు నుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మనిషంతా తిరగాల్సి వచ్చేది.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. ఊరూరా చలివేంద్రాలు లేచాయి. కుండకు గిరాకీ వచ్చింది. ఒక్క బండి ఉంటే మెడకింత సుఖం, కడుపుకింత కూడు అనుకుంది ఓబుళమ్మ. చేతిలో సొమ్ము లేదు. తల్లి వదిలిపోయిన వెండి కడియాల జత మాత్రం ఉంది. ఆ తల్లి మట్టి తొక్కే ముందు వాటిని తీసి గూట్లో పెట్టేది. పనయ్యాక కాళ్ళు కడుక్కుని మళ్ళీ తొడుక్కునేది. తల్లి ముఖం కూడా సరిగా గుర్తులేని ఓబుళమ్మకు ఆ కడియాలే తల్లి గుర్తు.

వాటిని కొంగున ముడేసుకుని ఆమె పానకాలయ్య కొట్టానికి వెళ్ళింది. పానకాలయ్యది పాత బండ్ల వ్యాపారం. మాట పానకమే. పేరు పెట్టినవాళ్ళకు ముందే తెలిసినట్టుంది.

కొట్టం నడిమధ్య ఒక బండి పెళ్ళికూతురిలా నిలబడి ఉంది. ఎర్ర రంగు చక్రాలు, పచ్చ రంగు నొగలు, కాడికి మువ్వలు. ఇరుసు పొడవునా దళసరిగా పసుపు మెత్తి, దాని మీద కుంకుమ బొట్లు పెట్టారు.

"ఇది ఎవరిదనుకున్నావు తల్లీ? పూజారిగారి అత్తగారిది," అన్నాడు పానకాలయ్య. "శుక్రవారం శుక్రవారం గుడికి పోయి రావడం, అంతే. ఎండకు పెట్టలేదు, వానకు పెట్టలేదు. నీలాంటి కష్టజీవికి ఇద్దామని దాచి ఉంచాను."

పిల్లలూ, ఓబుళమ్మ తెలివితక్కువది కాదు. కుండ ఏదైనా సరే, వేలి కణుపుతో కొట్టి చూడందే గంపలోకి ఎక్కనిచ్చేది కాదు. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే పగుళ్ళది. బండినీ అలాగే కొట్టి చూద్దామని చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. పసుపు కుంకుమలు పెట్టిన దాన్ని కొట్టడానికి ఏ ఇల్లాలికి చెయ్యి వస్తుంది? తప్పు తప్పు అనుకుని కొట్టాల్సిన ఇరుసును కళ్ళకద్దుకుంది. కొంగు ముడి విప్పి కడియాలు బయానాగా ఇచ్చేసింది. మిగతా సొమ్ము కుండలమ్మి గడప దగ్గర ఇద్దామనుకుంది.

పానకాలయ్యకు ఆ సంగతి బాగా తెలుసు. పసుపు ముద్ద ఖరీదు ఒక్క కాణీ, దాని వెనక దాక్కునే పగులు ఖరీదు బండెడు. దైవభక్తిని అడ్డం పెట్టుకుని మోసం చేసేవాణ్ణి ఏమనాలో నాకు తెలుసు కానీ, పిల్లలు వింటున్నారని ఊరుకుంటున్నాను.

తరవాతి బుధవారం ఓబుళమ్మ తలకు నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని, బండికి వెయ్యడానికి ఒక బంతిపూల దండ పట్టుకుని వచ్చింది. పానకాలయ్య లోపల భోజనం చేస్తున్నాడు. గుమ్మం పక్కనే ఒక ముసలి ఎద్దు కట్టేసి ఉంది. ముందుకాలు ఒకటి వంకర. దాని పేరు గంగన్న.

"ఆ దండ ఎవరికమ్మా?" అని అడిగాడు గంగన్న.

"నా బండికి," అంది ఓబుళమ్మ, మనిషంతా అటు తిరిగి.

గంగన్న నిట్టూర్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ బండికీ పూజారి అత్తగారికీ ఏ సంబంధమూ లేదట. మొదటిసారి అది చింతపండు బస్తాలతో కోతులమిట్ట మీది నుంచి దొర్లి, ఇరుసు నిలువునా పగిలిందట. రెండోసారి వాగు పొంగితే నీళ్ళల్లో నాని, కొయ్యంతా లోపల్లోపల చివికిపోయిందట. పానకాలయ్య లక్కతో అతికి, రంగు పూసి, పసుపు మెత్తి మళ్ళీ నిలబెట్టాడట. మూడోసారి మళ్ళీ అదే మిట్ట దిగుతుంటే అతికిన ఇరుసు విడిపోయిందట. దాన్ని మళ్ళీ లక్కతోనే అతికి ఇక్కడ నిలబెట్టాడట.

"ఆ రోజు కాడికి నాతోపాటు నా తమ్ముడున్నాడు," అన్నాడు గంగన్న. "నాకు కాలే పోయింది. వాడు మొత్తానికే పోయాడు."

ఓబుళమ్మకు చేతిలోని దండ చూసుకుంటే సిగ్గు వేసింది. సిగ్గు వెనకాలే కోపం వచ్చింది. పైన పటారం, లోన లొటారం అంటారే, ఆ మాట ఈ బండిని చూసే పుట్టి ఉంటుంది. తిన్నగా లోపలికి వెళ్ళి, చెయ్యి కడుక్కుంటున్న పానకాలయ్యను నిలదీసింది.

అతను కోప్పడతాడనుకుంది. అబద్ధమని ఒట్లు పెట్టుకుంటాడనుకుంది. అతను చక్కగా నవ్వాడు.

"భయంగా ఉందా తల్లీ? ఉండదూ మరి. నేనేం బలవంతం చెయ్యను. వద్దనుకుంటే వద్దని ఒక్క మాట చెప్పు," అన్నాడు. "బయానా మాత్రం తిరిగి రాదు. అది నేను పెట్టిన కట్టు కాదు, పెద్దలు పెట్టింది."

ఓబుళమ్మ మెల్లగా గుమ్మం దగ్గరికి తిరిగివచ్చి గంగన్న ముందు నిలబడింది. ఇదివరకు ఇంకా ఎవరికైనా ఈ సంగతి చెప్పావా అని అడిగింది. బయానా ఇచ్చినవాళ్ళందరికీ చెప్పానన్నాడు గంగన్న. సాలెవాడికి చెప్పాడు, గాజులామెకు చెప్పాడు, ఉప్పు అమ్ముకునేవాడికి చెప్పాడు. విన్నవాళ్ళంతా హడలిపోయి బండి వద్దని వెళ్ళిపోయారట. బయానాలు లోపల పెట్టెలో ఉండిపోయాయట.

"నిన్ను గుమ్మం దగ్గరే ఎందుకు కట్టేశాడో ఎప్పుడైనా ఆలోచించావా?" అంది ఓబుళమ్మ.

గంగన్న నెమరు ఆపేశాడు. పాపం, అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు. పానకాలయ్యకు బండి అమ్మాలని లేనే లేదు. మూడోసారి విరిగాక ఆ బండి ఎన్నిసార్లు అమ్ముడుపోయినా కొట్టం గుమ్మం దాటలేదు. ముందు అబద్ధం చెప్పి బయానా పుచ్చుకోవడం, తరవాత గంగన్న నోట నిజం చెప్పించి కొన్నవాళ్ళను తరిమెయ్యడం. అబద్ధాన్నే కాదు, నిజాన్ని కూడా అమ్ముకు తింటున్నాడు ఆ మహానుభావుడు.

ఓబుళమ్మ సంత పెద్ద విరూపాక్షయ్య దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పుకుంది. ఆయన నోటినిండా పానకాలయ్య పంపిన తాంబూలం ఉంది. నిదానంగా నమిలి, ఎద్దు సాక్ష్యం కట్టులో లేదని తేల్చాడు. పీడ విరగడైందనుకుని ఇంటికి పొమ్మన్నాడు. ఇంతకుముందు బండి వద్దని పోయినవాళ్ళెవరూ నోరెత్తలేదనీ, ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారిలా నువ్వెందుకు గొడవ చేస్తావనీ చీవాట్లు కూడా పెట్టాడు.

ఎండలో నిలబడి ఓబుళమ్మ కాసేపు ఏడ్చింది. తరవాత కళ్ళు తుడుచుకుంది. వద్దన్నవారికి నష్టం అని కదా కట్టు? అయితే వద్దని నేనెందుకు అనాలి అనుకుంది. అంతే, వచ్చిన దారినే తిరిగి కొట్టానికి నడిచి, చక్రం మీద కాలు పెట్టి, బండెక్కి నడిమధ్య కూర్చుంది.

"నాకు ఈ బండే కావాలి. గడపదింపు చెయ్యండి," అంది.

పానకాలయ్య నవ్వు మొదటిసారి కాస్త చెదిరింది. బండి వద్దనేవాళ్ళను చూశాడు కానీ, అన్నీ తెలిసి కావాలనేవాళ్ళను అతను చూడలేదు. ఇప్పుడే పిల్లి ఎదురొచ్చింది, ఈ వేళ ప్రయాణం మంచిది కాదన్నాడు. సరేనని ఓబుళమ్మ పొద్దు గుంకేదాకా అక్కడే కూర్చుని ఇంటికి వెళ్ళింది.

మరుసటి బుధవారం మళ్ళీ వచ్చి బండెక్కింది. మూఢం నడుస్తోంది, కొత్త వస్తువు గడప తొక్కకూడదన్నాడు పానకాలయ్య. అయితే మూఢం పోయేదాకా ఇక్కడే ఉంటానంది ఓబుళమ్మ. ఆ రోజు తడి మట్టి ముద్ద కూడా వెంట తెచ్చుకుంది. బండిలో కూర్చునే ప్రమిదలు చేసి, నొగల మీద వరసగా ఆరబెట్టింది.

బండి చూడవచ్చినవాళ్ళు ఇదేమిటమ్మా అని అడిగేవారు. ఆమె పానకాలయ్యను పల్లెత్తు మాట అనేది కాదు. బండి నేను కొన్నాను, దింపడానికి ఈయనకే తీరిక దొరకడం లేదు అని మాత్రం చెప్పేది. అడిగినవాళ్ళు ఒకసారి ఆమె వైపు, ఒకసారి బండి వైపు చూసి, బయానా సంచి మళ్ళీ మొలలో దోపుకుని వెళ్ళిపోయేవారు. కొట్టంలో ఈగలు తప్ప బేరాలు వాలడం మానేశాయి.

ఒక మధ్యాహ్నం గుమ్మం బయట సాలెవాడు వచ్చి నిలబడ్డాడు. మోసపోయానని చెప్పుకుంటే నవ్వుతారని భార్యకు కూడా చెప్పని మనిషి అతను. లోపలికి వచ్చి ఓబుళమ్మకు ఒక ముంత చల్ల ఇచ్చి, బండి పక్కన చతికిలబడ్డాడు. కాసేపటికి గాజులామె వచ్చింది. ఉప్పువాడూ వచ్చాడు. ఎవరికి వారు ఒక్కరే మోసపోయామని ఇన్నాళ్ళూ తలవంచుకు తిరిగినవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. సిగ్గుపడాల్సింది మనం కాదని వాళ్ళకు అప్పుడు తెలిసింది.

ఆ పై బుధవారం రాజుగారు గుర్రాలు కొనడానికి సంతకు వచ్చారు. ఓబుళమ్మ ఫిర్యాదు చెయ్యలేదు. పానకాలయ్యే పరుగున వెళ్ళి రాజుగారి కాళ్ళ మీద పడ్డాడు. ఒక మొండి మనిషి తన బండెక్కి దిగడం లేదనీ, వ్యాపారం మట్టిగొట్టుకుపోతోందనీ మొర పెట్టుకున్నాడు. ఆమె తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకమని వెనక నుంచి విరూపాక్షయ్య వంత పాడాడు.

రాజుగారు కొట్టానికి వచ్చారు. ఓబుళమ్మ బండి దిగకుండానే దణ్ణం పెట్టింది. బండి నీకు కావాలా వద్దా అని ఆయన అడిగారు. కావాలంది. బయానా పుచ్చుకున్నావా అని పానకాలయ్యను అడిగారు. అవునన్నాడు. మరి దింపడానికి నీకేం అడ్డమని అడిగారు.

"కాలు బెణికింది ప్రభూ. కాడి దగ్గర కూర్చోలేను," అన్నాడు పానకాలయ్య, అప్పటికప్పుడు కుంటుతూ.

గంగన్న తన వంకర కాలి వంక చూసుకున్నాడు. అది మాత్రం ఎవరూ గమనించలేదు.

"అయితే ప్రభువులే నన్ను దింపండి," అంది ఓబుళమ్మ. "ప్రజలకు చాతకాని ధర్మం రాజు నడపాలంటారు కదా. దూరం కూడా కాదు. కోతులమిట్ట దిగితే మా పల్లే."

భటులు గుడ్లురిమారు. రాజుగారికి మాత్రం ఆమె మాట నచ్చింది. సెబాసు అంటూ ఉత్తరీయం నడుముకు బిగించి, మంచి ఎడ్లను కట్టమని చెప్పి, ఎర్రటి చక్రం మీద కాలు పెట్టారు.

పానకాలయ్య బెణికిన కాలు సంగతే మరిచి ఒక్క దూకున వచ్చి రాజుగారి కాలు పట్టుకున్నాడు.

"వద్దు ప్రభూ, ఎక్కకండి. ఈ బండి ఇవ్వను. ఎవరికీ ఇవ్వను. మిట్ట దిగేలోపే విరుగుతుంది," అన్నాడు.

కాడి మువ్వ ఒక్కటి గలగలమని ఆగింది. అప్పుడు ఓబుళమ్మ లేచి నిలబడింది. ఎడమవైపు ఉన్న పానకాలయ్య వైపు మనిషంతా తిరిగింది.

"రాజు ఎక్కితే విరిగే బండి, నేనెక్కితే విరగదా అయ్యా?" అంది.

పానకాలయ్య దగ్గర ఎప్పుడూ మాటలకు కరువు లేదు. ఆ ఒక్క మాటకు మాత్రం తల దించుకున్నాడు. రాజుగారు చక్రం మీది కాలు తీశారు. పసుపును గోటితో గీకి చూస్తే లక్క రాలింది, లక్క వెనక పగులులో వేలు పట్టింది. ఆయన ముఖం ఎర్రబడింది.

"ఇవ్వనని అమ్మినవాడే అన్నాడు. అందరం విన్నాం," అంది ఓబుళమ్మ విరూపాక్షయ్య వైపు తిరిగి. "ఇప్పుడు చెప్పండి పెద్దయ్యా, కట్టు ఏమంటోంది?"

విరూపాక్షయ్య తాంబూలం ఉమ్మేసి, అమ్మినవాడు రెట్టింపు ఇచ్చుకోవాలని నసిగాడు. రాజుగారు అంతటితో ఊరుకోలేదు. ప్రాణాలు తీసే బండిని తెలిసి తెలిసి అమ్మినవాడికి కట్టు చాటున దాక్కునే హక్కు లేదన్నారు. పెట్టె తెప్పించి సాలెవాడి బయానా సాలెవాడికి, గాజులామెది గాజులామెకు, ఉప్పువాడిది ఉప్పువాడికి ఇప్పించారు. ఇకమీద ఆ సంతలో పానకాలయ్య బండ్లు అమ్మకూడదని ఆజ్ఞ వేశారు.

ఓబుళమ్మ చేతికి తల్లి కడియాలు వచ్చాయి. అక్కడే కూర్చుని తొడుక్కుంది. రెట్టింపు కింద ఇంకో జత తీసుకోమంటే తల అడ్డంగా ఊపింది. దానికి బదులు ఆ ముసలి ఎద్దునూ ఈ బండినీ ఇప్పించమని కోరింది. కుంటి ఎద్దు, విరిగే బండి నీకెందుకమ్మా అని రాజుగారు నవ్వారు.

"నిజం చెప్పినవాడు తిండికి వెతుక్కోకూడదు, అందుకు ఎద్దు," అంది ఓబుళమ్మ. "ఇంకెవరూ దీన్ని ఎక్కకూడదు, అందుకు బండి. నా ఆవానికి కట్టెలు కావాలి."

సాలెవాడూ ఉప్పువాడూ గొడ్డళ్ళు తెచ్చి, అక్కడికక్కడే బండిని చీల్చి కట్టెల మోపులు కట్టారు. వాటిని తలా ఒక మోపు నెత్తికెత్తుకుని కోతులమిట్ట ఎక్కి దిగారు. గంగన్న వాళ్ళ వెనకాలే కుంటుకుంటూ నడిచాడు. తమ్ముడు పోయిన చోట కాసేపు ఆగాడు. ఎవరూ అదిలించలేదు.

ఆ వారం ఓబుళమ్మ ఆవం ఆ కట్టెలతోనే కాలింది. లక్క, రంగు, పసుపు అన్నీ బూడిదయ్యాయి. ఆవం విప్పి కుండలను ఒక్కొక్కదాన్నీ కొట్టి చూసింది. అన్నీ ఖంగుమన్నాయి. వాటిని అమ్మిన సొమ్ముతో మరుసటి ఏడు వడ్రంగి చేత రంగు లేని కొత్త బండి చేయించుకుంది. పసుపు పెట్టడానికి ముందే దాన్ని చక్రం నుంచి కాడి దాకా కొట్టి చూసుకుంది. ఆనాటి నుంచి ఆ సంతలో అమ్మేవాడి గుమ్మం దగ్గర కట్టిన ఎద్దును పలకరించందే ఎవరూ బండి బేరం చెయ్యలేదు.

ఈ కథ కంచికి పోవాలంటే కోతులమిట్ట దిగాలి. మనం ఇంటికి పోవాలన్నా దిగాలి. ఎక్కేముందు ఇరుసు కొట్టి చూడండి పిల్లలూ, ఎంత పసుపు మెత్తి ఉన్నా సరే.

మోసపోవడం సిగ్గు కాదు, మోసం చెయ్యడమే సిగ్గు; కనుక పోయిందని తలవంచుకు వెళ్ళిపోకండి, అడగందే అమ్మయినా పెట్టదు, నిలబడి అడగందే న్యాయమైనా రాదు.